కోర్టు డిక్రీ లేకుండా 35 ఏళ్ల వయసు సడలింపు రాదు

"భర్తకు దూరంగా మూడేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను, ఉద్యోగాలకు 35 ఏళ్ల వయసు సడలింపు నాకూ వస్తుంది కదా?" ఎస్‌ఎస్‌సీ (కేంద్ర ఉద్యోగాలు భర్తీ చేసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్), రైల్వే నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న. రాదమ్మా. పదేళ్లు విడిగా ఉన్నా రాదు.

వితంతువులు, విడాకులు పొందినవారు, కోర్టు తీర్పుతో వేరుపడినవారు మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, కేంద్రంలోని గ్రూప్-సి (గుమాస్తా స్థాయి) పోస్టులకు 35 ఏళ్ల వరకు అర్హులు. ఓబీసీలకు 38, ఎస్సీ, ఎస్టీలకు 40. ఇది గరిష్ఠ వయసు, మామూలు పరిమితికి కలుపుకునే అంకె కాదు. పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంపు కాగితం, మనోవర్తి ఆర్డరు, నడుస్తున్న కేసు నంబరు ఇక్కడ పనికిరావు.

నష్టమంతా ఎక్కడంటే, దరఖాస్తులో ఆ సడలింపు ఎంచుకుంటే అప్పుడు ఎవరూ ఆపరు. పరీక్ష రాస్తారు, పాసవుతారు, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో డిక్రీ, అంటే కోర్టు తీర్పు పత్రం, అడుగుతారు. అక్కడ పేరు కొట్టేస్తే అన్నాళ్ల చదువూ పోయినట్టే.

విడాకులైతే డిక్రీ సర్టిఫైడ్ కాపీ, వితంతువైతే భర్త మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. రెండింటికీ తోడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదనే అఫిడవిట్. జిరాక్సు చాలదు, తీర్పు రాగానే కాపీ అప్లికేషన్ వేసేయండి. డిక్రీలో అత్తింటి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనని చూపే కాగితం ముందే సిద్ధం చేసుకోండి.

ఇక "ఆడవాళ్లందరికీ ఐదేళ్లు" అనేది ఉత్త పుకారు. కేంద్ర ఉద్యోగాల్లో అలాంటిదేమీ లేదు. యూపీఎస్‌సీ సివిల్స్‌లో జనరల్ మహిళకూ 32 ఏళ్లే; ఆడవాళ్లకు మాఫీ అయ్యేది ఫీజు. తెలుగు రాష్ట్రాల్లోని 33⅓ శాతం మహిళా రిజర్వేషన్ అనేది పోస్టుల లెక్క, దానికీ వయసుకూ ముడిపెట్టకండి.

పెళ్లయితే ఓబీసీ సడలింపు పోతుందని భయపడేవాళ్లు చాలామంది. పోదు, ధైర్యంగా ఉండండి. కులం పుట్టుకతో వచ్చింది. క్రీమీలేయర్‌కు (ఓబీసీల్లో స్థితిమంతులను రిజర్వేషన్ నుంచి తప్పించే నిబంధనకు) చూసేది తల్లిదండ్రుల స్థితి, భర్త జీతం కాదు. మీ సర్టిఫికెట్‌కు భర్త ఆదాయం అడిగితే ఈ మాటే చెప్పండి. ఈడబ్ల్యూఎస్‌లో (ఇతర రిజర్వేషన్లు లేని పేదల కోటాలో) మాత్రం భర్త ఆదాయం కలుపుతారు, కేంద్రంలో దానికి వయసు సడలింపూ లేదు.