రెండో కృష్ణుడు వచ్చిన రాత్రి

చైత్రకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న నా బుర్రలో తిరుగుతూనే ఉంది. బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో డాక్టర్ వేషం కట్టే మనిషే మారిపోయినా అందరూ ఆయన్ని డాక్టర్ అని ఎలా ఒప్పుకుంటారని కదా?

మా ఊరి తిరునాళ్లలో కురుక్షేత్రం నాటకం తెల్లవార్లూ ఆడేవాళ్లు. అన్నేసి పద్యాలకి ఒక్కడి గొంతు ఎక్కడ ఆగుతుంది? అందుకని ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉండేవాళ్లు. చాప మీద ఓ కునుకు తీసి లేచేసరికి నా కృష్ణుడు లేడు! బక్కపల్చటాయన పోయి, బొద్దుగా ఉన్నాయన వచ్చాడు. ఏడుపు లంకించుకున్నాను. నాయనమ్మ నా గడ్డం పట్టుకుని తిప్పి, “నెమలీక చూడరా” అంది. ఇంతలో ఆయన పద్యం ఎత్తుకున్నాడు. మొదటాయన బాణీలో కాదు, తన బాణీలో. పద్యం అయ్యేసరికి నాకు ఆయనే కృష్ణుడు. మర్నాడు బడికి ఆయన నడకే నడుచుకుంటూ వెళ్లాను.

డాక్టర్ కూడా అంతే. 1963లో బీబీసీలో ఆ వేషం కట్టిన విలియం హార్ట్‌నెల్‌కి 1966 నాటికి ఆరోగ్యం పాడైంది. డాక్టర్ మన భూమి మనిషి కాదు కదా, ఒళ్లు మార్చుకోగలడని కథ అల్లి, పాట్రిక్ ట్రౌటన్‌ని తెచ్చారు. మొదటాయన చిరచిరలాడే తాత. ఈయన అల్లరి మనిషి, రికార్డర్ అనే పిల్లనగ్రోవి వాయిస్తాడు. చూశారా, అక్కడా వేణువే!

కొత్తాయన వేలికి పాత ఉంగరం నిలవక జారిపోతుంది. వెంట ఉన్న బెన్ అతన్ని నమ్మడు. మన మనసులో ఉన్న అనుమానమే అతని నోట వస్తుంది. కానీ డాక్టర్‌కి పాత శత్రువైన డాలెక్, అదే ఆ ఇనప డొల్లలో ఉండే జీవి, మాత్రం ఆ కొత్త ముఖాన్ని గుర్తుపట్టినట్టే ఉంటుంది. శత్రువే గుర్తుపట్టాక ఇంకెవరు కాదంటారు?

1974లో వచ్చిన టామ్ బేకర్‌కి నెమలీక ఆయన మఫ్లరే. అల్లమని ఇచ్చిన ఊలంతా అల్లేస్తే అంత పొడవు వచ్చింది! ఏడేళ్లు ఆ వేషంలో ఉన్నాడు. ముందువాళ్లని అనుకరించి ఉంటే ఇంతమందికి ఇంత గుర్తుండేవాడా? అన్నయ్యలా రాయమని ఎవరైనా అంటే, నీ చేతిరాత నీదే ఉంచుకో చిన్నోడా.

ట్రౌటన్ మొదటి కథ వీడియో ఇప్పుడు లేదు, చెరిపేశారు. శబ్దం మాత్రం మిగిలింది. దానికి బొమ్మలు గీసి మళ్లీ విడుదల చేశారు. అది పెట్టుకుని ముందు కళ్లు మూసుకుని వినండి. ఆ గొంతు మీకు ఎప్పటికి డాక్టర్ గొంతు అవుతుందో చూసి, నాకు రాయండి.

మీ తాతయ్య