తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు

మూడేళ్ల కిందట మా పెదనాన్న పొలం నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే ఎడమ కాలికి చెప్పే లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియలేదు. అరికాలిలో తుమ్మముల్లు విరిగి రక్తం కారుతోంది. అదీ తెలియలేదు. ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్.

డాక్టర్ గారు చీటీలో రాసిన మొదటి మాట 'నంబ్‌నెస్', అంటే స్పర్శ తెలియకపోవడం. ఆ మాట పుట్టుక తెలిశాక నాకు పెదనాన్న కాలే గుర్తొచ్చింది. పాత ఇంగ్లిష్‌లో 'నిమన్' అంటే తీసుకోవడం. జర్మన్‌లో ఇప్పటికీ తీసుకోవడాన్ని 'నేమెన్' అంటారు, రెండూ ఒక తల్లి పిల్లలే. 'నంబ్' అంటే మూలంలో 'తీసుకోబడినది' అని అర్థం. 'బినంబ్' అనే క్రియ కూడా అక్కడి నుంచి వచ్చిందే. చలి వేళ్లను 'బినంబ్' చేసింది అంటే, వాటిలో ఉన్న స్పర్శను లాగేసుకుందని. ఇప్పుడు ఇది పుస్తకాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, మాటల్లో 'నంబ్' అనేదే క్రియగా కూడా సరిపోతోంది. దుఃఖంతో మనసు మొద్దుబారినా అదే మాట. మనమూ 'స్పర్శ పోయింది' అనే కదా అంటాం!

అయితే తెలుగులో మనకు రెండు మాటలున్నాయి: తిమ్మిరి, మొద్దుబారడం. ఈ తేడా డాక్టర్‌కు చాలా అవసరం. సక్లముక్లం వేసుకుని గంటసేపు కూర్చుంటే కాలి నరం మీద, దానికి రక్తం అందించే సన్నని నాళాల మీద ఒత్తిడి పడుతుంది. కబుర్లు మెదడుకు చేరవు, కాలు మనది కానట్టు ఉంటుంది. ఇది మొద్దుబారడం. లేచి నిలబడగానే రక్తం మళ్లీ అందుతుంది. అప్పుడు కోలుకుంటున్న నరం ఎవరూ ముట్టుకోకుండానే ఇష్టమొచ్చినట్టు కబుర్లు పంపుతుంది. ఆ చీమలు పాకినట్టుండే జివజివే తిమ్మిరి. మొదటిది కబురు లేకపోవడం, రెండోది లేని కబురు రావడం. ఆస్పత్రిలో మాత్రం చాలామంది రెండింటినీ 'తిమ్మిర్లండీ' అనేస్తారు. మీకు ఏది ఉందో విడమరిచి చెప్పండి.

పన్ను పీకేటప్పుడు డాక్టర్ ఈ మొద్దుబార్చే పనిని కావాలనే చేస్తారు. దాన్ని మనం 'మత్తు సూది' అంటాం. ఆ పేరు విని స్పృహ పోతుందేమోనని కొందరు టెన్షన్ పడతారు. పోదు. నరంలో కబురు నడవాలంటే సోడియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం కణాలు, చిన్న చిన్న తలుపుల గుండా లోపలికి రావాలి. ఆ సూదిలో ఉండే లిడోకైన్ అనే మందు ఆ తలుపులను లోపలి వైపు నుంచి మూసేస్తుంది. నొప్పిని మోసే సన్నని నరపోగులు ముందు లొంగుతాయి, ఒత్తిడిని మోసే లావు పోగులు ఆలస్యంగా లొంగుతాయి. అందుకే నొప్పి తెలియకపోయినా లాగుతున్నట్టు తెలుస్తుంది. ఈ దారి 1884లో తెరుచుకుంది. వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టర్ కంటి ఆపరేషన్‌కు కొకైన్ చుక్కలు వాడి చూపించారు. కానీ కొకైన్ ప్రమాదకరం, వ్యసనం. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకైన్‌తో ఆ వ్యసనం బెడద లేదు. అమ్మమ్మలు పంటి కింద పెట్టించే లవంగంలోని యూజినాల్‌కు కూడా మొద్దుబార్చే గుణం ఉంది.

మందు తీసుకున్న స్పర్శ రెండు మూడు గంటల్లో తిరిగి వస్తుంది. రోగం తీసుకున్నది అలా రాదు. షుగర్ ముందుగా దెబ్బతీసేది అతి పొడవైన నరాల కొసలను. అందుకే కాలివేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. కుష్ఠులోనూ స్పర్శ పోతుంది, చర్మం మీద స్పర్శ లేని మచ్చ తొలి గుర్తు. కుష్ఠు వల్ల వేళ్లు కుళ్లి రాలిపోతాయని జనం అనుకునేవారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, రోగుల చేతులనూ కాళ్లనూ ఓపిగ్గా గమనించి అసలు కారణం చూపించారు. నొప్పి తెలియక వేడి గిన్నె పట్టుకోవడం, పుండు మీదే నడవడం వంటివే వేళ్లను తినేస్తున్నాయి. మనం తిట్టుకునే నొప్పి ఎంత కాపలా కాస్తోందో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పెదనాన్నకు చేసిన పరీక్షకు యంత్రమేమీ లేదు. ఒక పిడి, దాని చివర చేపల గాలం తీగలాంటి నైలాన్ పోగు. 10 గ్రాముల బరువు పడగానే అది వంగుతుంది. కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. బొటనవేలు, అరికాలి ముందు భాగం, అంచు... పోగు వంగుతూనే ఉంది. పక్కన నిలబడి నేను లెక్కపెడుతున్నాను. ఆరు చోట్ల అయ్యాక, కళ్లు తెరవకుండానే పెదనాన్న అడిగాడు: 'ఇంకా మొదలుపెట్టలేదా డాక్టర్ గారూ?'

ఇప్పుడు రోజూ రాత్రి మంచం మీద కూర్చుని, చేతి అద్దంలో అరికాళ్లు చూసుకుంటాడు. చూపు ఆననప్పుడు పెద్దమ్మ చూస్తుంది.