గుడి ఎందుకు గుంజుకుంటూ పోతోంది?

హనుమకొండలో మా మేనమామ కొత్త ఫోర్‌కే టీవీ కొని, దానికో స్ట్రీమింగ్ బాక్సు తగిలించాడు. "అన్నీ ఫుల్లు పెట్టిచ్చిన గదరా, అయినా గుడి గుంజుకుంట పోతాంది" అన్నాడు. తెర మీద కెమెరా వేయిస్తంభాల గుడి వెంట మెల్లగా పక్కకు జరుగుతోంది. స్తంభాలు నిజంగానే కుదుపులతో కదులుతున్నాయి. మామ ఇంటర్నెట్‌ను తిడుతున్నాడు గానీ, పాపం, తప్పు దానిది కాదు.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. బాక్సును 60 హెర్ట్జ్‌లో పెట్టారు, అంటే అది సెకనుకు 60 బొమ్మలు పంపాలి. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అర బొమ్మ పంపడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తుంది. ఒకటి 50 మిల్లీసెకన్లు నిలిస్తే పక్కది 33 మాత్రమే. ఓ అడుగు బారుగా, ఓ అడుగు పొట్టిగా వేసే నడక లాంటిదన్నమాట. మాటల సీన్లలో తెలియదు. నిలువు గీతలు అడ్డంగా జరిగితే కన్ను పట్టేస్తుంది. ఆ గుడిలో నిలువు గీతలకు కొదవా!

బాక్సులో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' ఆన్ చేస్తే సినిమాకు 24 హెర్ట్జ్‌కు మారుతుంది, టీవీ ఒప్పుకుంటేనే. ఆ ఒప్పందం ముందే జరిగిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చగానే టీవీ తాను ఏమేం చూపగలదో ఓ చిన్న చిట్టా పంపుతుంది. దాని పేరు ఈడిడ్. చాలా టీవీల్లో ఆ పోర్టు సెట్టింగ్‌ను మనమే పెంచాలి. లేకపోతే చిట్టాలో తక్కువే రాసి పంపుతుంది, బాక్సు దాన్నే నమ్ముతుంది.

వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ సంగతీ అంతే. అందులో మామూలుగా వాడే 10 బిట్లంటే ఒక్కో రంగులో 1024 మెట్లు, మామూలు 8 బిట్లకు 256. కానీ ఎప్పుడూ హెచ్‌డీఆర్‌లోనే ఉంచితే, వెలుతురు అంతగా లేని టీవీలో పాత పాటలు వెలిసిపోయినట్టు కనిపించవచ్చు. వీడియో హెచ్‌డీఆర్‌లో ఉంటేనే అలా పంపేలా బాక్సును పెట్టమని మామకు చెప్పాను.

ఇప్పుడు గుడి సాఫీగా సాగుతోంది. హెర్ట్జ్ మారే ప్రతిసారీ తెర ఒక క్షణం నల్లబడుతుంది. మామ ఇన్వర్టర్ వైపు చూస్తాడు.