తవ్వి పోసిన బురద నిలుస్తుందా? అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యేసరికి నాకు ఒకే రకం ఫోన్లు. "ఏటిపాయ అడుగున బోలెడు బురద ఉంది కదండీ, పొక్లెయిన్‌తో తీసి గట్టు వాలుకి పోసేద్దాం. బురదైతే గట్టుకి బాగా పట్టుకుంటుంది." గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల వాళ్లను ముంచుతున్న మాట ఇదే.

అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న బురద తన బరువుకి తానే అణిగి, నీళ్లు వదిలి బిగుసుకుంటుంది. దాన్ని కోయాలంటే నీటి ఒరిపిడి ఒక పాస్కల్ (ఒత్తిడిని, ఒరిపిడిని కొలిచే ప్రమాణం) దాటాల్సి రావచ్చు. అదే బురదను కెలికి, నీళ్లు కలిపి పలచన చేస్తే పాస్కల్‌లో పదో వంతుకే లేచిపోతుంది. కిందటేడు ఒక రైతు నా మాట వినకుండా పోయించాడు. ఒక్క పౌర్ణమి పోటు. తెల్లారేసరికి సగం మళ్లీ పాయలోకే. "పొక్లెయిన్ బిల్లు ఇంకా కట్టనేలేదండి" అన్నాడు పాపం.

నేనూ చేశాను ఈ తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బకెట్‌తో శాంపిల్ తెచ్చి, కర్రతో కలియబెట్టి, అడుగు చాలా బలహీనమని రిపోర్టు రాసేశాను. మా పెద్దాయన చదివి నవ్వాడు. "నీ బకెట్ బలహీనంగానే ఉందిలే" అని పడవ ఎక్కించి, పారదర్శకంగా ఉండే గొట్టం ఒకటి అడుగులోకి దింపించాడు. పైకి తీస్తే వేలెడు మందాన జావ, దాని కింద చాకుతో కోస్తే మైనంలా మెరిసే పొర.

సన్న రేణువులే ముందు కొట్టుకుపోతాయంటారు. ఇసుక వరకు సరే. బిగిసిన బంకమట్టిని కదిలించడానికి సన్న ఇసుక కంటే ఎక్కువ వేగం కావాలని స్వీడన్ శాస్త్రవేత్త హుల్‌స్ట్రోమ్ 1935లోనే గ్రాఫు గీసి చూపించాడు. ఉప్పునీరు బురదను కరిగిస్తుందన్నది ఉత్త పుకారు, ఉప్పు తగిలితే బంక రేణువులు గుత్తులు కట్టి కిందికి దిగుతాయి. బురద మీద గోధుమరంగు జిగట కనిపిస్తే గీకెయ్యకండి, పైపొరను పట్టి ఉంచేది ఆ జిగురే. పీతల బొరియలు మాత్రం నిజంగానే వదులు చేస్తాయి.

టెన్షన్ పడి రాత్రికి రాత్రి మిషన్ పిలవద్దు. గట్టు పాదం దగ్గర అడుగును అసలు కెలకొద్దు, అక్కడ తవ్వితే గట్టు కింద ఆసరా పోతుంది. పోయాల్సి వస్తే ఆరిన మట్టి తెచ్చి, పొరపొరగా దిమ్మిస కొట్టించండి. ముందుగా, పోటు తీశాక ఒక ఇనుప ఊచ పట్టుకుని గట్టు పాదం దగ్గరికి వెళ్లండి. చేత్తో గుచ్చితే ఎంత లోతు సులువుగా దిగిందో కొలిచి, అప్పుడు ఫోన్ చేయండి.