లొకేషన్ దొరికితే చాలదు: సినిమా దృశ్యాలపై అపోహలు - వాస్తవాలు

ఛాయాగ్రాహకుడిగా పని మొదలుపెట్టిన నాటి నుంచి నేను విన్న ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే: "ఈ షాట్ ఎక్కడ తీశారండీ?" ఏ వేళప్పుడు తీశారని, దాని కోసం ఎంతసేపు కాచుకున్నారని అడిగేవారు బహు అరుదు. ప్రేక్షకుల కుతూహలంలో తప్పేమీ లేదు. కానీ మొదటి సినిమా తీయబోయే దర్శకులు కూడా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి, ఉన్న కొద్దిపాటి డబ్బులో పెద్ద వాటాను ప్రయాణాలకూ బసకూ పోసి, చివరికి ఎడిటింగ్ గదిలో కూర్చుని "అక్కడ కళ్ళతో చూస్తే అంత బాగుంది, ఇక్కడ తెర మీద ఏమైపోయింది?" అని కుంగిపోవడం చాలాసార్లు చూశాను. వారిని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

అపోహ: చోటు అందంగా ఉంటే దృశ్యం అందంగా వస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ డబ్బునూ, ఎక్కువ ధైర్యాన్నీ హరించే అపోహ ఇదే. కొండ ఎదుట నిలబడ్డప్పుడు మన కన్ను ఆకాశం వైపు తిరిగితే ఆ వెలుగుకు, లోయ వైపు దిగితే ఆ నీడకు క్షణాల్లో సర్దుకుంటుంది, మెదడు ఆ రెండింటినీ అతికి ఒకే దృశ్యంగా అందిస్తుంది. కెమెరా మాత్రం ఒకే ఎక్స్‌పోజర్‌తో, అంటే లోపలికి వదిలే వెలుగు ఒకే మోతాదులో ఉండగా, రెండింటినీ పట్టుకోవాలి. పట్టుకోలేని చోట ఆకాశం తెల్లగా కాలిపోతుంది, లేదా లోయ నల్లటి ముద్దగా మారుతుంది. పరిమాణం విషయంలోనూ ఇంతే. మనసు కొండ మీద నిలిచినప్పుడు కొండ పెద్దదిగా తోస్తుంది. అంతా ఫ్రేములోకి రావాలన్న ఆశతో, ఎక్కువ వెడల్పును చూపే వైడ్ లెన్సు బిగించగానే అదే కొండ తెర మీద చిన్న మట్టిదిబ్బలా కుంచించుకుపోతుంది. దాన్ని మళ్ళీ పెద్దది చేయాలంటే బాగా వెనక్కి జరిగి, దూరంలో ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపే లాంగ్ లెన్సు వేసి, కొండ ముందు ఒక మనిషినో చెట్టునో నిలబెట్టి, చూసేవారికి కొలత చూపించాలి.

1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఎండమావిలోంచి ఒంటె మీద ఒక మనిషి మెల్లగా ఆకారం దాల్చుతూ వచ్చే షాట్ గురించి మా వృత్తిలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఆ ఫ్రేములో చెప్పుకోదగ్గ ప్రకృతి శోభ ఏమీ లేదు. చదునైన నేల, ఆకాశం, మధ్యలో ఒక చుక్క మాత్రమే ఉన్నాయి. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల లెన్సు వాడారు. కాగిన నేల మీది వేడిగాలిలో వెలుగు వంకర్లు పోతుంటే, అంత పొడవైన లెన్సు ఆ కదలికనంతా దగ్గరకు లాగి చూపింది. ఎండ అంతగా కాయని వేళలో అదే నేల మీద ఆ షాట్ లేనే లేదు.

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఛాయాగ్రహణంలో అక్షరాలా నిజం. మధ్యలో ఉన్న గాలి, తేమ, ధూళి కొండ గరుకుదనాన్ని కప్పేసి, ఒక వరుస వెనుక మరొక వరుసను క్రమంగా పలచబరుస్తాయి. ఆ పొరలు బాగా తెలియాలంటే సూర్యుడు కిందుగా, కొండల వెనుక వైపున ఉండాలి. రాళ్ళ గరుకుదనం, ఇసుక అలలు కనిపించాలంటే వెలుగు పక్కనుంచి జారాలి. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీడలన్నీ వస్తువుల కిందికి నక్కి, ఎంత గొప్ప లోయైనా చదునుగా, జీవం లేకుండా కనిపిస్తుంది. అలాంటప్పుడే పదకొండు గంటలకు లొకేషన్‌కు చేరి, మూడింటికి సర్దుకుని వెళ్ళిపోయే యూనిట్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

1978 నాటి 'డేస్ ఆఫ్ హెవెన్' కథ టెక్సస్‌లో జరుగుతుంది, చిత్రీకరణ మాత్రం కెనడాలోని అల్బర్టాలో సాగింది. కనిపించేవి చాలావరకు గోధుమ పొలాలే. సూర్యుడు దిగిపోయాక, చీకటి పడేలోపు మిగిలే సుమారు 20 నిమిషాల వెలుగు కోసం యూనిట్ పగలంతా కాచుకుని ఎన్నో సన్నివేశాలను తీసింది. ఛాయాగ్రాహకుడు నెస్టర్ అల్మెండ్రోస్‌కు ఆ పనికే ఆస్కార్ లభించింది. ఆ సినిమా చూసి "ఆ పొలాలు ఎక్కడున్నాయి?" అని వెతుక్కుంటూ వెళ్ళేవారికి గోధుమ చేలు దొరుకుతాయి గానీ ఆ 20 నిమిషాలు దొరకవు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక యువ దర్శకుడు అప్పు తెచ్చి మొదటి సినిమా మొదలుపెట్టాడు. మంచు కొండల నడుమ ఉన్న ఒక లోయను ఫొటోల్లో చూసి ఇద్దరమూ మురిసిపోయాం. డబ్బు ఆదా అవుతుందని రెక్కీ, అంటే ముందుగా వెళ్ళి చోటు చూసుకోవడం, మానేద్దామన్నది నేనే. చలికాలంలో నాలుగు రోజుల షూటింగ్‌కు వెళ్ళాం. మేము చూసిన ఫొటోలు వేసవిలో తీసినవి. లోయకు దక్షిణాన నిటారైన కొండ ఉంది, చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుగా, కిందుగా పయనిస్తాడు. అందువల్ల రోజంతా లోయ మీద ఎండ పడనే లేదు. మేము నీడలో, ఎదుట శిఖరాలు మాత్రం కళ్ళు చెదిరే ఎండలో. మూడు రోజుల ఫుటేజీలో పనికొచ్చింది క్లోజప్పులే. ఆ రాత్రి ఆ కుర్రవాడు అన్నం ముట్టకుండా కూర్చున్న తీరు నాకు ఇంకా గుర్తుంది. నాలుగో రోజు తెల్లవారుజామున రోడ్డు పక్కన, ఎవరూ ఆగి చూడని ఒక రాళ్ళ మైదానంలో పొగమంచు లేస్తుంటే గంటసేపు తీశాం. సినిమాలో నిలిచినవి ఆ షాట్లే. "ఎక్కడ తీశారు?" అని అందరూ అడిగేదీ వాటి గురించే.

అందుకని లొకేషన్ చూడటానికి షూటింగ్ జరిగే రుతువులోనే, జరిగే వేళకే వెళ్ళండి. అది కుదరకపోతే కనీసం దిక్సూచితో దిక్కులు రాసుకుని, ఆ తేదీన సూర్యుడు ఎటు నుంచి ఎటు పోతాడో, ఏ కొండ చాటుకు ఎన్నింటికి వెళ్తాడో ఫోన్లో దొరికే యాప్‌తో లెక్క చూసుకోండి. పది చోట్లకు ఒక్కొక్క పూట వెళ్ళడం కంటే, ఒక్క చోట నాలుగు ఉదయాలు గడపడం మేలని నా అనుభవం.

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటేనే విజువల్స్ వస్తాయి.

వాస్తవం: 2023లో వచ్చిన 'ది క్రియేటర్'ను ప్రధానంగా సోనీ ఎఫ్ఎక్స్3తో తీశారు. మామూలు దుకాణంలో కొనుక్కోగల చిన్న కెమెరా అది.

అపోహ: సహజకాంతితో తీశారంటే దీపాలు వాడలేదని అర్థం.

వాస్తవం: 'బ్యారీ లిండన్' (1975)లోని కొవ్వొత్తుల సన్నివేశాలను నాసా కోసం తయారైన, చాలా తక్కువ వెలుగులోనూ పనిచేసే జైస్ ఎఫ్/0.7 లెన్సుతో తీసిన మాట నిజమే. అయితే అదే సినిమాలో పగటిపూట గదుల్లోకి వచ్చే వెలుగు కోసం ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ కిటికీల బయట దీపాలు పెట్టించారు. 'అపరాజితో' (1956)లోని కాశీ ఇంటి ముంగిలి స్టూడియోలో వేసిన సెట్టు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర దానిపైన తెల్లని గుడ్డ పరిపించి, కింది నుంచి దీపాల వెలుగును దాని మీదికి పంపి, ఆకాశం నుంచి మెత్తగా దిగే వెలుగును సృష్టించారు. సహజంగా కనిపించడం వేరు, సహజంగా దొరకడం వేరు.

అపోహ: ఏ లోపమున్నా గ్రేడింగ్‌లో, అంటే షూటింగ్ అయ్యాక రంగులూ వెలుగూ దిద్దే పనిలో, సరిచేయవచ్చు.

వాస్తవం: రంగు మార్చవచ్చు. 2000లో 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' కోసం మిసిసిపీ వేసవి పచ్చదనాన్ని డిజిటల్ పద్ధతిలో ఎండుగడ్డి రంగులోకి మార్చారు. కానీ అది ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ షూటింగ్‌కు ముందే అనుకుని, పరీక్షించి చేసిన పని. కాలిపోయిన ఆకాశంలో, రంగులు దిద్దే కలరిస్ట్ వెలికితీయడానికి సమాచారమేమీ మిగలదు. నడినెత్తి ఎండ నీడలను తిప్పి పక్కకు వాల్చగల మీట గ్రేడింగ్ టేబుల్ మీద లేదు.

డ్రోన్ గురించి ఒక్క మాట: పైనుంచి చూస్తే అన్ని చోట్లూ కొత్తగా ఉంటాయి, మూడో షాటుకు ఆ కొత్తదనం తీరిపోతుంది.

అప్పు చేసి దూరప్రాంతానికి టికెట్లు కొనబోతున్నవారు ముందుగా చేతిలోని ఫోన్‌తోనే ఒక పరీక్ష చేయండి. ఇంటికి నడకదూరంలో ఉన్న ఒక మామూలు చోటును ఎంచుకుని, నిలబడే జాగాను సున్నంతో గుర్తుపెట్టి, అదే ఫ్రేమును తెల్లవారుతుండగా, మధ్యాహ్నం, పొద్దు గుంకిన పావుగంటకు తీయండి. వారం రోజులు అలా తీసిన క్లిప్పులను వరుసగా పెట్టి చూసుకున్నాక ప్రయాణం సంగతి నిర్ణయించండి.