వీల్‌చైర్‌లో ఒకసారి కూర్చుంటే ఇక లేవరా?

పోయిన సోమవారం ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయనకి పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికి, కదలిక నెమ్మదించే మెదడు జబ్బు) మొదలై ఆరేళ్ళు. వచ్చే నెలలో అమ్మాయి కాన్పుకి భార్యాభర్తలిద్దరూ డల్లాస్ వెళ్ళాలి. వీసాలు ఉన్నాయి, టికెట్లు కొన్నారు. ఆగింది ఒక్కచోటే. "ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ పెట్టించమని అల్లుడుగారు అంటున్నారండీ. ఈయన ససేమిరా అంటున్నారు. ఒకసారి కుర్చీ ఎక్కితే ఇక లేవరట కదా?" అని ఆవిడ భయపడుతూ అడిగారు. ఆయన తలొంచుకుని కూర్చున్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఈ మాట నెలకి ఒకసారైనా వింటాను. ఎవరు పుట్టించారో గానీ దీని వల్ల జరిగినంత నష్టం ఇంకే పుకారు వల్లా జరగలేదు. ఎందరో మనవరాలి పెళ్ళికి వెళ్ళలేదు, తిరుపతి మానుకున్నారు. కొందరు పంతానికి నడిచి దారిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు.

పుకారుకి మూలం ఇదీ. "మా పెదనాన్న కుర్చీ ఎక్కాడు, ఏడాదికి మంచం పట్టాడు" అంటారు. నిజమే కావచ్చు. కానీ జబ్బు ముదిరింది కాబట్టి కుర్చీ అవసరమైంది. అదే జబ్బు ఇంకా ముదిరి మంచం దాకా వెళ్ళింది. మధ్యలో నింద కుర్చీ మీద పడింది. కండ కరిగేది వారాల తరబడి కదలకుండా ఉన్నప్పుడు. ప్రయాణంలో మూడు గంటలు కూర్చున్నందుకు కాదు. నిజానికి, కుర్చీ వద్దని ఊళ్ళు తిరగడం మానేసి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళ కాళ్ళే ముందు బలహీనపడటం నేను చూశాను.

దారి ఖర్చులకే డబ్బంతా అయిపోతే వెళ్ళిన ఊళ్ళో ఏం చేస్తాం? ఒంట్లో ఓపిక కూడా అంతే. ఎయిర్‌పోర్టులో కిలోమీటరు నడిచి, రెండు గంటలు లైన్లో నిలబడితే, ఇక మనవణ్ణి ఎత్తుకోవడానికి ఏం మిగులుతుంది?

పార్కిన్సన్స్ వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. ఇంటి వరండాలో చక్కగా నడిచే మనిషికి ఇరుకు గుమ్మం దగ్గర, గుంపులో, మలుపు తిరిగేటప్పుడు, ఎవరైనా "త్వరగా, త్వరగా" అన్నప్పుడు కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. ఫ్రీజింగ్ అంటే ఇదే. ఎయిర్‌పోర్టులో, రైల్వే స్టేషన్లో ఇవన్నీ ఒకేచోట ఉంటాయి. పైగా టెన్షన్. మాత్ర ప్రభావం తగ్గే సమయం అప్పుడే వచ్చిందంటే చెప్పక్కర్లేదు.

"నడవగలిగే మనిషి వీల్‌చైర్ అడిగితే తప్పు కాదా?" అని పెద్దాయన మెల్లగా అడిగారు. కాదు. విమాన సంస్థలు వాడే గుర్తులే దీనికి జవాబు. మెట్లు ఎక్కగలరు, విమానంలో సీటు దాకా నడవగలరు, కానీ దూరం నడవలేరు అనుకునేవారికి డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని రాస్తారు. మెట్లు ఎక్కలేనివారికి డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటు దాకా కూడా నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్‌సీ. అంటే మొదటి రకమే నడవగలిగేవాళ్ళ కోసం పెట్టారు. దీనికి వికలాంగ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకి చెప్పి, టికెట్‌లో నమోదైందో లేదో చూసుకోండి. మధ్యలో విమానం మారే ఊరిలో కూడా ఉందో లేదో అడగండి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

చెప్పినా కుర్చీ రాకపోతే? ఆగండి. 2024 ఫిబ్రవరిలో ముంబై ఎయిర్‌పోర్టులో జరిగింది గుర్తుందా? విదేశం నుంచి దిగిన 80 ఏళ్ళ పెద్దాయన, ఆయన భార్య ఇద్దరూ ముందే వీల్‌చైర్లు చెప్పుకున్నారు. ఒకటే వచ్చింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆయన పక్కన నడిచారు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయారు. ఆ విమాన సంస్థకి, విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 30 లక్షల జరిమానా వేసింది. రెండో కుర్చీ వచ్చేదాకా సీట్లోంచి లేవకండి. సిబ్బంది విసుక్కున్నా సరే.

ఈ విషయంలో నాకింత ఆత్రం ఎందుకంటే, మా నాన్నగారికీ ఇదే జబ్బు. అప్పటికి నేను వృత్తిలోకి వచ్చి నాలుగేళ్ళే. విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫాం మారాలి. అమ్మ కుర్చీ తెప్పిద్దామంది. "వద్దమ్మా, నడిస్తేనే మంచిది" అన్నాను. వంతెన మెట్లు దిగుతుంటే వెనక నుంచి జనం తోసుకొచ్చారు, నాన్న కాళ్ళు ఆగిపోయాయి, ఒళ్ళు ముందుకి వెళ్ళింది. మణికట్టు విరిగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

తరవాతి ఏడాది చక్రాల కుర్చీ తీసుకునే అన్నవరం వెళ్ళాం. నాన్న కుర్చీలో కూర్చునే వ్రతం చేసుకున్నారు. సాయంత్రం తనంతట తానే లేచి, నా చెయ్యి పట్టుకుని కొండ అంచు పిట్టగోడ దాకా నడిచి, కింద పంపా నదిని చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. పొద్దున్నుంచీ నడిపించి ఉంటే ఆ సాయంత్రం మాకు దక్కేది కాదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"ఎంత నడిపిస్తే అంత కండ పడుతుంది." మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు) ఉన్న పిల్లల విషయంలో ఇది ప్రమాదం. ఆ కండరం అతిగా శ్రమిస్తే బలపడదు, ఇంకా దెబ్బతింటుంది. యాత్రల్లో మెట్లు ఎక్కించి దించకండి, దయచేసి.

"వాకర్ ఏదైనా ఒకటే." కాదు. ప్రతి అడుగుకీ ఎత్తి పెట్టాల్సిన మామూలు వాకర్‌తో పార్కిన్సన్స్‌లో నడక మధ్యమధ్యలో మరింత ఆగిపోవచ్చు. చాలామందికి చక్రాలూ బ్రేకులూ ఉన్నది నయం. కొనే ముందు నడిపించి చూడండి. ఎత్తు ఎంతంటారా? నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. చేతికర్ర బలహీనమైన కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి. కింద రబ్బరు అరిగితే ఊరెళ్ళే ముందే మార్చండి.

"సొంత కుర్చీ విమానంలో తీసుకెళ్తే లగేజీ డబ్బు కట్టాలి." అక్కర్లేదు. అయితే బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ రకం, సామర్థ్యం ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళలో చాలామందికి ఎండలో ఒళ్ళు వేడెక్కితే కాళ్ళు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది. చల్లబడ్డాక తగ్గుతుంది. "పొద్దున బాగానే నడిచావు కదా, ఇప్పుడేమైంది?" అని వాళ్ళని అడగకండి. నటన కాదది.

మాత్రలు చెక్-ఇన్ బ్యాగులో వేయకండి. అమెరికా టైముకి ఎలా మార్చుకోవాలో న్యూరాలజిస్టుని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇక ఆ పెద్దాయన సంగతి. నలుగురూ చూస్తారన్న సిగ్గే ఆయన అసలు బాధ. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు, ఎవరో తోస్తుంటే కూర్చోవడం అంటే మామూలు విషయం కాదు. అందుకని కూర్చోమని అనలేదు. ఖాళీ కుర్చీ ఇచ్చి, "మాస్టారూ, దీన్ని మా కారిడార్ చివరిదాకా తోసుకెళ్ళి రండి" అన్నాను, పక్కనే నేనూ నడిచాను. పిడి పట్టుకున్నాక అడుగు పెద్దదైంది. అటు నుంచి వస్తూ అలసిపోయి, ఎవరూ చెప్పకుండానే కుర్చీకి బ్రేకు వేయించుకుని కూర్చున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత భార్య వైపు చూసి, "దీనికి మోకాళ్ళ నొప్పులు. రెండు వారాలుగా మెట్లు దిగలేకపోతోంది. నా గొడవలో పడి చెప్పడం లేదు" అన్నారు.

ఇద్దరికీ వీల్‌చైర్ రాయించమని చెప్పి పంపాను.