తండ్రి డీఎన్ఏకు కొత్త కట్టు

మన శరీరంలో దాదాపు ప్రతి కణమూ డీఎన్ఏను హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టి ఉంచుకుంటుంది. శుక్రకణం మాత్రం రూపుదిద్దుకునే చివరి దశలో ఆ హిస్టోన్లలో అత్యధిక భాగాన్ని వదిలించుకొని, వాటి స్థానంలో ప్రోటమిన్లనే చిన్న ప్రొటీన్లను అమర్చుకుంటుంది. ఎందుకని అడిగితే తరచూ వినిపించే జవాబు, డీఎన్ఏ ఇంకా బిగుతుగా సర్దుకొని తల చిన్నదైతే ఈత సులువని. నాకది సగం జవాబే అనిపిస్తుంది. జీబ్రా చేప శుక్రకణాల్లో ప్రోటమిన్లే లేవు. అవి హిస్టోన్లతోనే ఈదుతాయి.

పైగా ఈ మార్పు చాలా ప్రమాదకరమైన పని. ముందుగా హిస్టోన్లకు అసిటైల్ సమూహాలనే చిన్న రసాయన తునకలు పెద్ద ఎత్తున చేరతాయి. దాంతో వాటి ధనావేశం తగ్గి, ఋణావేశం గల డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. హిస్టోన్లు ఊడిపోయాక డీఎన్ఏలో మెలికలు మిగిలిపోతాయి. వాటిని విప్పడానికి కణం తన డీఎన్ఏను తానే తెంపి, మళ్లీ అతికించుకోవాలి. ఈ దశలో ప్రతి క్రోమోజోముకూ ఒక్కటే నకలు ఉంటుంది. అతుకులో తప్పు దొర్లితే సరిచూసుకోవడానికి రెండో నకలు లేదు.

సమయం కూడా కుదరాలి. క్రోమాటిన్ (డీఎన్ఏ, దాన్ని చుట్టి ఉంచే ప్రొటీన్ల కలయిక) బిగుసుకుంటే జన్యువులను చదవడం ఆగిపోతుంది కాబట్టి, ప్రోటమిన్ల తయారీకి సూచనలు మోసే ఎంఆర్ఎన్ఏను కణం ముందే తయారు చేసి రోజుల తరబడి వాడకుండా ఉంచుతుంది. చిట్టెలుకల్లో దాన్ని అలా ఆపి ఉంచే నిరోధాన్ని తొలగించి చూస్తే, కేంద్రకం అకాలంగా బిగుసుకుపోయి శుక్రకణాల ఎదుగుదల మధ్యలోనే నిలిచిపోయింది.

హిస్టోన్లు తప్పుకున్న చోట కొంతకాలం ట్రాన్సిషన్ (మధ్యంతర) ప్రొటీన్లు ఉంటాయి, ఆపై ప్రోటమిన్లు వస్తాయి. ప్రోటమిన్లను 1874లో స్విస్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మీషర్ రైన్ నది సాల్మన్ చేపల శుక్రకణాల్లో కనుగొన్నాడు. వీటిలో ధనావేశం గల ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అందుకే మొత్తం ధనావేశమూ ఎక్కువే. (ఇదే గుణంతో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే, ఋణావేశం గల హెపారిన్‌ను పట్టేస్తాయి కనుక గుండె శస్త్రచికిత్సల్లో దానికి విరుగుడుగానూ వాడతారు.) ప్రోటమిన్లు చేరిన డీఎన్ఏ చుట్టకుదురు ఆకారంలో గట్టిగా చుట్టుకుంటుంది. చాలా క్షీరదాల్లో వృషణం దాటాక ప్రోటమిన్ల మధ్య గంధకపు బంధాలు ఏర్పడి ఆ కట్టును మరింత బిగిస్తాయి. ఇంత బిగువు డీఎన్ఏను దెబ్బల నుంచి కాపాడుతుంది. తల చిన్నది కావడం కన్నా నాకు ఈ కారణమే బలంగా తోస్తుంది.

అయినా మనిషి శుక్రకణంలో 5 నుంచి 15 శాతం హిస్టోన్లు మిగిలే ఉంటాయి, చిట్టెలుకలో సుమారు 1 శాతమే. పిండం ఎదుగుదలను నడిపే జన్యువుల దగ్గరే అవి మిగిలాయని కొందరు పరిశోధకులు, జన్యువులు తక్కువగా ఉన్న చోట్లలోనని మరికొందరు వాదిస్తున్నారు. ఫలదీకరణ తర్వాత అండంలోని గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఆ గంధకపు బంధాలను తెంచుతుంది, ప్రోటమిన్లు తొలగిపోతాయి, తండ్రి డీఎన్ఏ తల్లి అందించిన హిస్టోన్లను చుట్టుకుంటుంది. మిగిలి వచ్చిన పాత హిస్టోన్లు పిండానికి ఏదైనా సమాచారం అందిస్తాయా అన్నదే ఆ వాదనలో తేలవలసిన విషయం.